ముంబై దగ్గరుండగా నా మ్యాచ్‌లు సింగపూర్‌కు ఎందుకు పోయాయి?

కూకట్‌పల్లిలో మా ఇంట్లో ఆన్‌లైన్ ఆట ఆడితే పింగ్, అంటే ఆటను నడిపే దూరపు కంప్యూటర్‌కు (సర్వర్‌కు) సందేశం వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం, ఎప్పుడూ 25, 30 మిల్లీసెకన్ల మధ్యే ఉండేది. పోయిన నెల ఉన్నట్టుండి 110 దాటింది. ఎదుటివాడు కనబడేలోపే నేను అవుట్. రౌటర్ ఆపి వేశాను, కేబుల్ మార్చాను. లాభం లేదు.

"అన్నా, అసలు ఏ సర్వర్ మీద ఆడుతున్నావో చూశావా?" అన్నాడు మా తమ్ముడు. చూస్తే సింగపూర్!

చాలా ఆటలు ఒక్కో డేటా సెంటర్‌కు (సర్వర్లు ఉండే చోటుకు) చిన్న డేటా ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కొలిచి, తక్కువ పట్టిన చోటును ఎంచుకుంటాయి. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. సింగపూర్ మనకు దాదాపు 3,300 కిలోమీటర్లు. తిన్నగా తీగ లాగినా రానుపోను 33 మిల్లీసెకన్లు తప్పవు. ముంబైకి ఆ లెక్కన 6 చాలు. జట్టుగా ఆడితే మిగతావాళ్ల పింగ్‌లు, ఆటగాళ్ల స్థాయి కూడా లెక్కలోకి వస్తాయి.

నా విషయంలో అసలు కారణం ఆఫీసు వీపీఎన్, అంటే మన ఇంటర్నెట్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు. దాని దారి సింగపూర్ మీదుగా ఉంది, కొలత కూడా అక్కడినుంచే జరిగింది. దాన్ని ఆపినా వెంటనే మారలేదు, ఎందుకంటే ఈ ఆట తెరిచినప్పుడు ఒక్కసారే కొలుస్తుంది. పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, సెట్టింగ్స్‌లో ముంబైకి మాత్రమే టిక్ పెట్టాను. పింగ్ 28.