మడ అడవులకు, చిత్తడి నేలలకు ప్రభుత్వ నిధులు: గ్రామస్థాయి సంఘాలు ప్రతిపాదన తయారు చేసుకునే విధానం

చేపపిల్లలు పెరిగే మడ అడవులను, నీటి పక్షులు దిగే చిత్తడి నేలలను, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరాలను బాగు చేయడానికి ప్రభుత్వ నిధులు ఉన్నాయి. అయితే వాటిలో అధిక భాగం ఫారం నింపి ఢిల్లీకి పంపితే వచ్చేవి కావు. అటవీ శాఖ గాని, మత్స్య శాఖ గాని ఏటా తయారు చేసే కార్యాచరణ ప్రణాళికలో మీ ఊరి పని ఒక పద్దుగా చేరితేనే విడుదలయ్యేవి. అందుచేత జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, మత్స్యకార సహకార సంఘం, వన సంరక్షణ సమితి లేదా చిన్న స్వచ్ఛంద సంస్థ చేయవలసిన అసలు పని, ఆ ప్రణాళిక రాసే అధికారి చేతికి కాదనలేని వివరాలను సకాలంలో అందించడమే. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్ తీర ప్రాంతాన్ని, ముఖ్యంగా గోదావరి, కృష్ణా డెల్టాలను దృష్టిలో పెట్టుకుని రాసినది.

మొట్టమొదట తేల్చుకోవలసింది భూమి ఎవరిదన్న సంగతి. ఏ పథకం వర్తిస్తుందో, ఎవరి సంతకం కావాలో, ఏ చట్టం అడ్డు వస్తుందో అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. రిజర్వు అడవిలో ఉన్న మడ భూమికి అటవీ శాఖ తప్ప మరెవరూ ప్రతిపాదన పెట్టలేరు. మీ సంఘం అందులో భాగస్వామి మాత్రమే కాగలదు. కోరింగ వంటి అభయారణ్యం లోపల నీటి ప్రవాహాన్ని మళ్లించే పని ఏదైనా సరే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని అనుమతి లేకుండా చేయరాదు. అడవి వెలుపల ఉన్నా సరే, మడ చెట్లున్న తీర భూమి 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో అత్యంత రక్షణ గల తరగతిలోకి వస్తుంది. ఇక కొల్లేరు సంగతి మరింత చిక్కైనది. 1999లో ప్లస్ ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించిన ఆ 308 చదరపు కిలోమీటర్లలో జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూములు కూడా ఉన్నందువల్ల, అక్కడ సర్వే నంబరు చూడకుండా గట్టు తవ్వే ప్రతిపాదన రాస్తే అది వివాదానికి తెర తీయడమే అవుతుంది. కాబట్టి తహసీల్దారు కార్యాలయం నుంచి అడంగల్ నకలు, గ్రామ పటం, అటవీ సరిహద్దు వివరం తెచ్చుకున్న తరువాతనే తక్కిన పని మొదలుపెట్టండి.

భూమి సంగతి తేలాక, ఆ స్థలానికి సరిపోయే పద్దును ఎంచుకోవాలి. మడ అడవులకు ఇప్పుడు ముందుగా చూడవలసింది మిష్టి పథకం. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి, అదే ఏడాది జూన్ 5న ప్రారంభించిన ఈ పథకం, తొమ్మిది రాష్ట్రాల్లోనూ నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లోనూ ఐదేళ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడ అడవులను పెంచాలని, పునరుద్ధరించాలని లక్ష్యం పెట్టుకుంది. దీనికి విడిగా పెద్ద ఖజానా ఏదీ లేదు. కాంపా నిధులను, గ్రామీణ ఉపాధి పనులను, ఇతర వనరులను జోడించి నడిపించే పథకమిది. కాంపా నిధులంటే అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించినప్పుడు వసూలు చేసే పరిహార సొమ్ము. 2016 నాటి చట్టం ప్రకారం అందులో తొంభై శాతం రాష్ట్ర నిధికి, పది శాతం జాతీయ నిధికి చేరుతుంది. రెంటికీ దారి జిల్లా అటవీ అధికారి కార్యాలయం గుండానే వెళుతుంది.

చిత్తడి నేలల విషయంలో జాతీయ జల పర్యావరణ వ్యవస్థల సంరక్షణ ప్రణాళిక ఉంది. అంతకు ముందు విడివిడిగా ఉన్న సరస్సుల పథకాన్ని, చిత్తడి నేలల పథకాన్ని కలిపి 2013లో దీనిని రూపొందించారు. ఖర్చులో కేంద్రం అరవై శాతం, రాష్ట్రం నలభై శాతం భరిస్తాయి. ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారానే వెళ్లాలి, దానికి సమగ్ర నిర్వహణ ప్రణాళిక ఉండాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటున్నది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు నదీ మార్గాలను, వరి పొలాలను, తాగునీటి కోసమో సాగునీటి కోసమో తవ్విన చెరువులను, ఆక్వా గుంటలను, ఉప్పు మడులను చిత్తడి నేలలుగా లెక్కించవు. మీ ఊరి సాగునీటి చెరువులో ఎన్ని వేల బాతులు దిగినా, ఆ పేరుతో ప్రతిపాదన పెడితే తిరిగి వచ్చే అవకాశమే ఎక్కువ.

అటువంటి చెరువులకు, ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు వేరే దారి వెతకాలి. వన్యప్రాణి ఆవాసాల సమగ్రాభివృద్ధి అనే కేంద్ర పథకంలో రక్షిత ప్రాంతాలకు తోడ్పాటు, రక్షిత ప్రాంతాల వెలుపల వన్యప్రాణుల సంరక్షణ, అంతరించే దశలో ఉన్న జాతుల పునరుద్ధరణ అని మూడు భాగాలున్నాయి. తేలినీలాపురం వంటి పక్షుల గ్రామానికి రెండో భాగం, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరానికి మూడో భాగం పనికివస్తాయి. చిన్న పనులకైతే 2002 జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడిన స్థానిక జీవవైవిధ్య నిధి ఉంది. అందుకు మీ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ కాగితం మీద గాక నిజంగా పనిచేస్తూ ఉండాలి, ఊరి జీవజాతుల వివరాలు నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు పూర్తయి ఉండాలి. సముద్రంలో చేపల ఆవాసం కోసం కృత్రిమ దిబ్బలు వేయడం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఉన్న పని. దానిని మత్స్య శాఖ చేపడుతుంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సాంకేతిక సలహా ఇస్తుంది. ఆ పథకంలో వ్యక్తులకు ఇచ్చే నలభై, అరవై శాతం రాయితీల లెక్క దీనికి వర్తించదు.

ఇప్పుడు ప్రతిపాదన రాయడం. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆవాసం ఎందుకు చెడిందో చెప్పే భాగం. దురదృష్టవశాత్తు ఎక్కువ ప్రతిపాదనలు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో ముగించి, ఎన్ని లక్షల మొక్కలు నాటుతామన్న అంకెకు పరుగెత్తుతాయి. మడ అడవి విషయంలో మొక్క చివర రావలసినది. ముందు రావలసినది నీరు. 1990ల చివర గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో అటవీ శాఖతో కలిసి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ చేసిన పని ఈ సంగతిని స్పష్టంగా చూపింది. చెట్లు నరికిన చోట నేల ఎండకు ఎండి, కుంగి, పళ్లెంలా అవుతుంది. పోటుకు లోపలికి వచ్చిన నీరు పాటుకు బయటికి పోలేక నిలిచిపోతుంది, ఆవిరైపోతుంది, ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పు నేలలో ఎన్నిసార్లు నాటినా మొక్క బతకదు. పరిష్కారంగా ప్రధాన కాలువ ఒకటి తవ్వి, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు కలిపి, చేపముల్లు ఆకారంలో నీటి మార్గం ఏర్పరిచారు. నీరు వచ్చిపోవడం మొదలైతే ఉప్పు తగ్గుతుంది, నల్లమడ, తెల్లమడ వంటివి నిలదొక్కుకుంటాయి, ఆ కాలువల్లోకే రొయ్యపిల్లలు, పీతలు చేరతాయి.

కాబట్టి మీ ప్రతిపాదనలో ఈ వివరాలు ఉండాలి: పోటు నీరు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వస్తున్నది, ఎక్కడ ఆగిపోతున్నది, ఆపుతున్నది రోడ్డా, చెరువు గట్టా, పూడిన కాలువా, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి మట్టం ఎంత, వేసవిలోనూ వరదల తరువాతా ఉప్పు శాతం ఎంత, పాత తరం మత్స్యకారులు ఆ పాయలో ఏయే చేపలు పట్టేవారు, ఇప్పుడు ఏవి దొరకడం లేదు. ఈ చివరి సమాచారం ఏ ఉపగ్రహ చిత్రంలోనూ దొరకదు, మీ సంఘానికి తప్ప మరెవరికీ అందుబాటులో లేదు కూడా. పండుగప్ప, మండపీత ఏ నెలల్లో, ఏ మలుపు దగ్గర పడేవో పేర్లతో సహా రాయండి. నీటికుక్కలు, బావురు పిల్లులు కనిపించిన చోట్లు తేదీలతో, ఫోటోలతో గుర్తించండి.

కొల్లేరు వైపు నేలల్లో ఇదే సూత్రం వేరే రూపంలో వర్తిస్తుంది. అక్కడ ఉప్పు కాదు, అడ్డుకట్టలూ గుర్రపుడెక్కా సమస్య. గుర్రపుడెక్క తొలగింపుకు మాత్రమే డబ్బు అడిగితే మరుసటి వానాకాలానికి అది తిరిగి కమ్ముకుంటుంది. మురుగు ఎక్కడి నుంచి చేరుతున్నదో, కొల్లేరు నీటిని సముద్రంలోకి తీసుకుపోయే ఉప్పుటేరు వైపు నీరు ఎందుకు నడవడం లేదో చెప్పకపోతే ఆ అంచనా అసంపూర్ణమే.

అంచనా వేసేటప్పుడు మొదటి ఏడాది ఖర్చుతో ఆగకండి. చచ్చిన మొక్కల స్థానంలో తిరిగి నాటడానికి, కాలువల పూడిక తీయడానికి, కాపలాకు కనీసం మూడేళ్ల పద్దు పెట్టండి. రేట్లు ఆ ఏటి అధికారిక ధరల పట్టిక ప్రకారం ఉండాలి. కాలువల తవ్వకం వానలకు ముందు, నాటడం వరదనీటికి ఉప్పు కడుక్కుపోయిన తరువాత వచ్చేటట్లు క్యాలెండర్ వేయండి; డబ్బు మార్చిలో విడుదలై, నాటే కాలం దాటిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, నర్సరీని ముందు విడతలోనే చూపించడం మంచిది. సిమెంటు నడక దారులు, బోటు షికారు, స్వాగత తోరణం వంటివి దయచేసి ఈ అంచనాలోకి రానీయవద్దు. వాటికి పర్యాటక శాఖ ఉంది.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది గనుక, శీతాకాలం రాకముందే మీ కాగితాలు రేంజ్ అధికారి దగ్గరకో, మత్స్యాభివృద్ధి అధికారి దగ్గరకో చేరాలి. గ్రామసభ తీర్మానం, కమిటీ తీర్మానం, భూమి పత్రాలు, పటం, అంచనా జతపరచి ఇవ్వండి, రసీదు తీసుకోండి. అధికారులు బదిలీ అవుతూనే ఉంటారు, ఫైలుకు జ్ఞాపకశక్తి ఆ రసీదే.

స్వచ్ఛంద సంస్థ నేరుగా గ్రాంటు పొందే సందర్భంలో మరికొన్ని షరతులు చేరతాయి. సంస్థ సొసైటీగా గాని ట్రస్టుగా గాని నమోదై ఉండాలి, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే దర్పణ్ పోర్టల్ సంఖ్య ఉండాలి, ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ వ్యవస్థలో బ్యాంకు ఖాతా నమోదై ఉండాలి. ఇదే పనికి మరో శాఖ నుంచి డబ్బు తీసుకోలేదని ధ్రువీకరించాలి. 2017 సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం వినియోగ ధ్రువపత్రాన్ని ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా సమర్పించాలి, గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే, గ్రాంటుతో కొన్న పడవనైనా పంపునైనా అనుమతి లేకుండా అమ్మరాదు. ధ్రువపత్రం ఆలస్యమైతే తరువాతి విడత ఆగిపోతుంది; కాబట్టి మస్టరు (కూలీల హాజరు పట్టిక), కొలతల పుస్తకం, బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు ఏ నెలవి ఆ నెలలోనే ఒకచోట చేర్చండి. నాటిన మొక్కల సంఖ్యతో పాటు, ఏడాది తరువాత బతికి ఉన్న వాటి సంఖ్యను, కాలువలో పోటు నీటి మట్టాన్ని కూడా నివేదికలో చూపండి.

ప్రతిపాదన ఆ ఏడాది ప్రణాళికలో చేరకపోతే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకుంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. భూమి వివరాలు లోపించాయా, పద్దు తప్పుగా ఎంచుకున్నారా, నిధులే లేవా అన్నది తెలిస్తే, ఒక వేసవి, ఒక వరద నీటి కొలతలు అదనంగా చేర్చి అదే ఫైలును తరువాతి ఏడాది మళ్లీ సమర్పించవచ్చు.