ట్రక్కు రాష్ట్రం దాటే ముందు: ఇఫ్టా నిర్వచనాల దగ్గర జాగ్రత్తలు

అమెరికాలో సరుకు బండి సరిహద్దు దాటించే ముందు, అది ఇఫ్టా (రాష్ట్రాల మధ్య తిరిగే బండ్ల ఇంధన పన్నును ఒకేచోట లెక్కకట్టే ఒప్పందం) కిందికి వస్తుందో లేదో తేల్చుకోండి. అలాస్కా, హవాయి తప్ప మిగతా 48 రాష్ట్రాలూ, కెనడాలో 10 ప్రావిన్సులూ ఇందులో ఉన్నాయి.

☐ ఇరుసులు లెక్కపెట్టండి. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే బరువుతో పనిలేదు, వచ్చినట్టే.

☐ రెండిరుసుల బండికి హద్దు 26,000 పౌండ్లు. చట్టంలో మాట "మించితే" అని. అంటే డ్రైవర్ తలుపు పక్క బరువు స్టిక్కర్ మీద సరిగ్గా 26,000 ఉన్న బాక్స్ ట్రక్కు, ట్రెయిలర్ లేకుండా అయితే రాదు. స్టిక్కర్ ఒక్కటే చూసి ఊరుకోకండి, రిజిస్ట్రేషన్ కాగితంలో రాయించిన బరువు హద్దు దాటినా వస్తుంది.

☐ ట్రెయిలర్ తగిలిస్తే రెండింటినీ కలపాలి. 14,000 పికప్, 14,000 ట్రెయిలర్: మొత్తం 28,000. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే, పికప్‌కి కూడా ట్యాక్సా అనుకుని.

☐ సొంత విహారానికే వాడే మోటర్ హోమ్‌కు మినహాయింపు. అదే బండిని వ్యాపారానికి వాడితే పోతుంది.

☐ ఇఫ్టా లైసెన్స్ నకలు బండిలో, డెకాల్స్ (ఇఫ్టా స్టిక్కర్లు) క్యాబ్‌కు రెండు వైపులా.

☐ డీజిల్ రసీదులో తేదీ, బంకు పేరు, చిరునామా, గ్యాలన్లు, ఇంధన రకం, ధర, బండి నంబరు ఉండాలి. లేకుంటే బంకులో కట్టిన పన్నుకు క్రెడిట్ ఆడిట్‌లో పోతుంది. రికార్డులు 4 ఏళ్లు దాచండి.

☐ ఓరెగాన్‌లో 26,000 దాటిన బండ్లకు మైళ్ల లెక్కన పన్ను వేరే ఉంది. ఇఫ్టా దాన్ని తీర్చదు.

☐ మూడు నెలలకోసారి వేసే ఇఫ్టా రిటర్న్ గడువులు: ఏప్రిల్ 30, జులై 31, అక్టోబర్ 31, జనవరి 31. బండి కదలకపోయినా సున్నా రిటర్న్ వేయాల్సిందే.