నీడ పెరట్లో నీలి జెన్షన్ పెంచడం ఎలా

మిషిగన్‌లో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ఓక్ చెట్ల కింద ఏదీ పెరగదని ఆ మూలను గాలికొదిలేసి, మల్లె, కరివేపాకు కుండీలను ఏడాదికి రెండుసార్లు లోపలికీ బయటికీ మోస్తుంటారు. నేనూ మోస్తాను, అది వేరే సంగతి. ఆ నీడ మూలకు సరిపోయే పువ్వు ఈ నేలలోనే పుట్టింది. పేరు బాటిల్ జెన్షన్, శాస్త్రీయ నామం జెన్షియానా ఆండ్రూసీ. అడుగు నుంచి రెండడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆగస్టు చివర్లో మొదలై అక్టోబర్ దాకా, మిగతా తోట వడిలిపోయే రోజుల్లో, ముదురు నీలం గుత్తులు పూస్తుంది. చలికి భయపడదు. మంచు కింద పడుకుని వసంతంలో మళ్లీ లేస్తుంది.

నీడ మొక్క అన్నారు కదా అని అస్సలు ఎండ తగలని చోట పెట్టకండి. కాడలు సాగి పక్కకు వాలిపోతాయి, మొగ్గలు తగ్గిపోతాయి. పొద్దున మూడు నాలుగు గంటల ఎండ పడి, మధ్యాహ్నానికి చెట్టు నీడ వచ్చే తూర్పు వైపు అయితే బాగుంటుంది. నన్నడిగితే ఎండకన్నా తడి ముఖ్యం. అడవిలో ఇది వాగుల ఒడ్డున, చెమ్మ ఉన్న పచ్చిక బయళ్లలో పెరిగే మొక్క. మా ఇంట్లో గట్టర్ పైపు నీళ్లు పారే దారికి మూరెడు ఇవతల వేశాను. వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే మట్టి చల్లగా, తడిగా తగలాలి. జూలైలో కూడా. బంకమట్టి అయినా ఫర్వాలేదు, కుళ్లిన ఆకుల ఎరువు బాగా కలపండి. ఇసుక నేలైతే మాత్రం ఆ ఎరువు ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

ఓపిక లేనివాళ్లు నేటివ్ మొక్కల నర్సరీలో చిన్న మొక్కలు కొనుక్కోండి. మే నెలలో అడుగు ఎడంగా నాటితే చాలు. ఒకసారి నాటాక చోటు మార్చకండి. లావుపాటి తెల్లటి వేళ్లు లోతుకు దిగుతాయి, కదిపితే మొక్క అలుగుతుంది. అందుకే అడవిలోంచి తవ్వి తేవడం శుద్ధ దండగ. అక్కడా పోతుంది, ఇక్కడా బతకదు. ఫ్రింజ్‌డ్ జెన్షన్ ఫొటోలు చూసి మనసు పారేసుకోకండి. అది రెండేళ్లకే చచ్చిపోయే రకం, పెరట్లో దాన్ని నిలబెట్టుకోవడం కష్టం.

విత్తనాలతో అయితే డిసెంబర్‌లో మొదలుపెట్టాలి. గ్యాలన్ పాల డబ్బాను నడుమ దగ్గర చుట్టూ కోసి, ఒక పక్క అతుకు వదిలేయండి. అడుగున చిల్లులు పెట్టి, నాలుగంగుళాలు తడి మట్టి పోయండి. విత్తనాలు పొడిలాగా ఉంటాయి, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి. కాస్త పొడి ఇసుకలో కలిపి పైన చల్లండి. మట్టి కప్పొద్దు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. కోసిన చోట టేపు వేసి, డబ్బా మూత తీసేసి బయట పెట్టేయండి. కనీసం రెండు నెలల చలి పడితే గానీ ఇవి నిద్ర లేవవు. ఆ పని మిషిగన్ చలికాలం చూసుకుంటుంది. వసంతంలో మొలకలు వచ్చాక పైనుంచి నీళ్లు పోయకండి, డబ్బాను నీళ్ల పళ్లెంలో కాసేపు ఉంచండి. మొదటి ఏడాది ఆకులు గోరంతే ఉంటాయి. పువ్వు చూడాలంటే మూడేళ్లు పట్టొచ్చు. టెన్షన్ పడకండి.

పెరిగాక పెద్ద చాకిరీ ఉండదు. వాన లేని వారంలో ఒకసారి నిండుగా తడపండి. ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగితే దాహమని అర్థం. నాటేటప్పుడు కలిపిన ఆకుల ఎరువు చాలు, వేరే ఎరువుల జోలికి పోకండి. ఆకులు చేదు కాబట్టి జింకలు సాధారణంగా ముట్టవు. కాడలు వాలకుండా పక్కన ఎర్ర లోబీలియా వేసుకుంటే ఊతంగా ఉంటుంది, దానికీ తడే ఇష్టం. మొక్క వసంతంలో ఆలస్యంగా లేస్తుంది గనక ఆ చోట పుల్ల గుచ్చి పెట్టుకోండి, లేదంటే కలుపనుకుని పీకేస్తారు.

సెప్టెంబర్‌లో మా అత్తయ్యగారు వచ్చి రోజూ అడిగేవారు, “ఇవెప్పుడు విచ్చుకుంటాయమ్మా, పూజకు కోద్దాం” అని. “విచ్చుకోవు అత్తయ్యా, ఇంతే” అంటే నమ్మలేదు. దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. రేకుల కొసలు దగ్గరగా మూసుకుని, మధ్యలో తెల్లటి అంచు కాస్త బయటికి కనిపిస్తుంది. లావుపాటి తుమ్మెద వచ్చి ఆ కొసను కాళ్లతో బలవంతంగా తెరిచి, తల దూర్చి, ఒళ్లంతా లోపలికి వెళ్లిపోతుంది. పువ్వు మళ్లీ మూసుకుంటుంది, లోపల్నుంచి గుయ్‌మని శబ్దం. చిన్న ఈగలకు అంత బలం ఉండదు. అందుకని ఆ పక్కన పురుగుమందు కొట్టకండి. తుమ్మెద రాకపోతే విత్తనమూ తక్కువే.

పూలు ఎండాక కాడలు కత్తిరించకండి. అక్టోబర్ చివర్లో కాయ కొస పగులుతుంది. అప్పుడు కవర్ తొడిగి, కాడ వంచి దులపండి. సగం అక్కడే తడి మట్టి మీద రాలనివ్వండి, మిగతావి డిసెంబర్ దాకా కాగితం పొట్లంలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.