సీటుకు రెగ్జిన్ ఎంచుకునే ముందు ఫ్లోరు రేకు కింద చూడండి

మొన్న వారధి మీద ముందున్న లారీ సడన్ బ్రేకు వేస్తే, మోడిఫై చేసిన ఒక మారుతీ 800 వెళ్లి దానికి గుద్దుకుంది. స్పీడు పెద్దగా లేదు. కుర్రాడు బెల్టు పెట్టుకునే ఉన్నాడు. అయినా పక్కటెముకలు విరిగాయి, ఎందుకంటే సీటే ఊడొచ్చి అతన్ని స్టీరింగ్ మీదికి తోసింది. తర్వాత బండిని షెడ్డులో చూశాను. రేసు కార్ల తరహా బకెట్ సీటు మీద ఎర్రదారం కుట్టు ఒక్కటి కూడా విడలేదు. నాలుగు బోల్టులూ వాషర్లతో సహా సీటు కాళ్లకే వేలాడుతున్నాయి. ఫ్లోరు రేకులో అంచులు పైకి లేచిన నాలుగు చిరుగులు.

సంక్రాంతికి ఊరెళ్లేలోపు బండి రెడీ కావాలని ఆటోనగర్‌లో సీట్ల పని హడావుడిగా నడుస్తోంది. రంగు, డిజైన్ సంగతి మీకే బాగా తెలుసు. నా టెన్షనంతా ఒక్క తప్పు గురించే: కొత్త సీటును ఉత్త రేకుకు బిగించడం.

కంపెనీ సీటు కూర్చునే చోట రేకు కింద గట్టి పట్టీ ఉంటుంది. కొత్త సీటు కాళ్లు ఆ రంధ్రాలకు సరిపోవు. దాంతో వీలున్న చోట డ్రిల్లు పెట్టి, కింద రూపాయి బిళ్లంత వాషరేసి బిగిస్తారు. చేత్తో ఊపితే కదలదు కాబట్టి గట్టిగా ఉందనుకుంటాం. 20 జీ కుదుపులో, అంటే సొంత బరువుకు ఇరవై రెట్లు లాగే కుదుపులో, 15 కిలోల సీటు 300 కిలోల బరువుతో లాగుతుంది. బెల్టు బకిల్‌ను కూడా సీటు ఫ్రేముకే తగిలించి ఉంటే, 70 కిలోల మనిషి భారం మరో 1400 కిలోల దాకా దాని మీదే పడుతుంది. మిల్లీమీటరు మందం కూడా లేని రేకు అంత లాగుడుకు కాగితంలా చిరుగుతుంది.

రేసు కార్లకు ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ కారు రేసుల సంస్థ) పెట్టిన కొలతలే పట్టుకోండి. సీటుకు నాలుగు చోట్ల బిగింపు, కనీసం 8 ఎంఎం బోల్టు, రేకు కింద 3 ఎంఎం ఇనప ప్లేటు. ఒక్కో ప్లేటు 40 చదరపు సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఏడు సెంటీమీటర్ల చదరపు ముక్క కోయిస్తే సరిపోతుంది. దాని మూలలు గుండ్రంగా అరగదీయించండి, లేకపోతే ఆ మూలే రేకును కోస్తుంది. బోల్టు తలపై 8.8 అని ఉండాలి, అది దాని గట్టిదనం గుర్తు. ఫ్లోరు తుప్పు పట్టి ఉంటే ముందు టింకరింగ్, ఆ తర్వాతే సీటు. తుప్పు రేకు కింద ఎంత మంచి ప్లేటు వేసినా దండగే.

ఫోము విషయంలో మెత్తదనానికి ఆశపడకండి. మరీ మెత్తగా ఉంటే గుద్దుకున్నప్పుడు మనిషి కిందికి జారతాడు, నడుము ఎముక మీద ఉండాల్సిన బెల్టు పొట్టలోకి దిగుతుంది. మరీ ఎత్తుగా వేస్తే తల టాపుకు తగులుతుంది. కుషన్ కుట్టించే ముందే ఫోము పెట్టి కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి చూసుకోండి.

డ్రిల్లు పెట్టే ముందు బండి కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఎటు పోతున్నాయో చూడండి. వెల్డింగ్ పనంతా అయ్యాకే ఫోము బండిలోకి రావాలి. కాలే ఫోము పొగలో కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ వాయువు ఉంటాయి. మంట అంటుకునేలోపు ఆ పొగే మనిషిని పడగొడుతుంది. ఫోము అతికించే సొల్యూషన్ పూసేటప్పుడు తలుపులన్నీ తీసిపెట్టండి, దగ్గర్లో బీడీ వెలగకూడదు. బెల్టు బకిల్ సీటు కాలికి వద్దు, కంపెనీ ఇచ్చిన చోటే ఉండాలి. పాత బెల్టు మళ్లీ కుట్టించొద్దు. స్లైడింగ్ రైలు రెండు వైపులా లాక్ పడాలి. తల వెనక ఆనిక లేని సీటు కొనొద్దు. సైడు ఎయిర్‌బ్యాగ్ ఉన్న కొత్త బండి సీటుకు మామూలు కవరు తొడగొద్దు. సీట్ల సంఖ్య మార్చొద్దు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఉత్త రేకుకు బిగించొద్దు. మేస్త్రీ ఏం కాదన్నా సరే, ఉత్త రేకుకు బిగించొద్దు. ప్లేట్లు కళ్లారా చూడకుండా డబ్బులివ్వొద్దు. వారం తిరిగాక నాలుగు బోల్టులకూ మళ్లీ పానా వేయించండి.