ఇంటర్ సెకండియర్ పిల్లలున్నవాళ్లు స్కాలర్‌షిప్ పని ఇప్పుడే మొదలుపెట్టండి

ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ ఎప్‌సెట్ రిజల్ట్ వచ్చేదాకా ఆగొద్దు, ఆదాయ, కుల ధ్రువపత్రాలకు ఇప్పుడే మీసేవలో అప్లై చేయండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వైపు ఏ సెంటర్ చూసినా జనమే. అంతకన్నా ముఖ్యం, టెన్త్ మెమోలో పేరూ ఆధార్‌లో పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉన్నాయా చూసుకోండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటే ముందు ఆధార్ సరిచేయించండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేయాల్సింది తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌లో. బీసీలకు ఏడాది ఆదాయం సిటీలో 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర దాటకూడదు. ఇంజనీరింగ్‌లో వాళ్లకు ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు వస్తే మొత్తం ఫీజు వస్తుంది, దాటితే మామూలుగా 35,000 వరకే, మిగతాది మనమే కట్టాలి కాబట్టి వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్‌లో కాలేజీల ఎంపిక) పెట్టే ముందే ఒక్కో కాలేజీకి ఆ తేడా కాగితం మీద రాసుకోండి. మేనేజ్‌మెంట్ సీటుకి ఇది వర్తించదు.

ఆదాయం కాస్త ఎక్కువుంటే మనకేం రాదులే అని చాలామంది వదిలేస్తారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ పైన (అంటే 80 శాతం మార్కులు కాదు, పై 20 శాతం మందిలో) ఉంటే కేంద్రం డిగ్రీకి ఏడాదికి 12,000 ఇస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. కాకపోతే రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఇది రాదు, ఏది లాభమో చూసుకోండి.

బ్యాంకు ఖాతా పిల్లల పేరు మీదే ఉండాలి, దానికి ఆధార్ సీడింగ్ (డబ్బు పడేలా ఆధార్ లింకు) అయిందో లేదో బ్రాంచిలో అడగండి.