యూనిఫాంలో నర్సుల జట్టును నడపాల్సి వస్తే

బరంపురం, పర్లాకిమిడి వైపు నర్సింగ్ చదివిన మన తెలుగు అమ్మాయిలు మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో ఎలా చేరాలని నన్ను అడుగుతుంటారు. పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ వివరాలన్నీ నోటిఫికేషన్‌లో ఉంటాయి, శ్రద్ధగా చదవండి. సైన్యంలో షార్ట్ సర్వీస్ (పరిమిత కాలపు ఉద్యోగం) చేసి వచ్చి ఇక్కడి ఆస్పత్రిలో పనిచేస్తున్నదాన్ని కాబట్టి, అందులో రాయని సంగతి చెబుతాను. అది జట్టును నడపడం.

చేరగానే లెఫ్టినెంట్, భుజాన రెండు స్టార్లు. కానీ మీ దగ్గర పనిచేసే నర్సింగ్ అసిస్టెంట్ హవల్దార్‌కు మీకన్నా ఎన్నో ఏళ్ళ అనుభవం ఉంటుంది. స్టోర్‌లో ఏది ఎక్కడుందో, అర్ధరాత్రి ఆక్సిజన్ అయిపోతే ఎవరిని లేపాలో మొదటి వారంలోనే ఆయన్ని అడిగి తెలుసుకోండి. నిర్ణయం మాత్రం మీరే తీసుకోవాలి.

గాయపడినవాళ్ళు ఒక్కసారిగా వచ్చిపడితే మీరు కాన్యులా (నరంలోకి ఎక్కించే సన్న గొట్టం) పట్టుకోవద్దు. ఒక రోగి చెయ్యి పట్టుకున్నారంటే మిగతా హాలు మీకు కనబడదు. చేతిలో పనితనం ఉన్న నర్సుకు ఊరికే నిలబడడం చాలా కష్టం, అయినా నిలబడాలి. గేటు దగ్గర అందరికన్నా అనుభవమున్న నర్సును ట్రయాజ్‌కు, అంటే ఎవరిని ముందు చూడాలో వేరుచేసి రంగు ట్యాగ్ కట్టే పనికి, పెట్టండి. ముందు "నడవగలిగినవాళ్ళు ఇటు రండి" అని తెలుగులో, ఒడియాలో గట్టిగా చెప్పాలి. సవర ఊళ్ళవాళ్ళు ఉంటే వాళ్ళలోనే ఒడియా తెలిసిన ఒకరిని పక్కన ఉంచుకోండి. అలా నడిచి వచ్చినవాళ్ళకు ఆకుపచ్చ ట్యాగ్, వాళ్ళను చివర్లో చూడొచ్చు.

మిగిలిన పెద్దవాళ్ళలో ముందు శ్వాస చూడాలి. గాలిదారి తెరిచినా ఊపిరి లేకపోతే నలుపు, అంటే ఇక ఆశ లేదని. నిమిషానికి 30 సార్లకు మించి పీలుస్తుంటే ఎరుపు, అంటే వెంటనే చూడాలని. గోరు నొక్కి వదిలాక 2 సెకన్లలో రంగు రాకపోయినా, చెప్పింది చెయ్యలేకపోయినా ఎరుపే. తక్కినవాళ్ళు పసుపు, అంటే కాసేపు ఆగగలరని. నలుపు ట్యాగ్ కట్టడం ఎవరికైనా గుండె పిండేసే పని. అది కట్టిన నర్సును తర్వాత పక్కకు పిలిచి మాట్లాడండి.

2018లో తిత్లీ తుఫానుకు ఒడిశా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడ్డాయి. అలాంటిచోట దారి తెగితే అంబులెన్స్ ఎప్పుడొస్తుందో తెలియదు, పసుపు ఎరుపుగా మారిపోవచ్చు. అందుకే ట్యాగ్ కట్టి వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ చూడమని ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. "ఎవరైనా చూడండి" అంటే ఎవరూ చూడరు. పేరు పిలిచి, ఒక్క పని చెప్పి, దాన్ని తిరిగి చెప్పించుకోండి. టోర్నికే (రక్తం ఆపే బిగుతు పట్టీ) కడితే కట్టిన టైము ట్యాగ్ మీద రాయించండి.

ఉద్యోగం చేసుకుంటూనే పిలుపు వచ్చినప్పుడు యూనిఫాం వేసుకోవాలనుకుంటే టెరిటోరియల్ ఆర్మీ ఉంది. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి గారు దాన్ని ప్రారంభించారు. సర్వీస్‌కు పిలిచిన మనిషిని ముగిశాక మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోవాలని 1948 టెరిటోరియల్ ఆర్మీ చట్టం యజమానికి చెబుతుంది. నర్సులకు ఖాళీలున్నాయో లేదో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. ఏది ఎంచుకున్నా ముందే మీ సూపరింటెండెంట్‌కు చెప్పడం మంచిది. చివరి నిమిషంలో డ్యూటీ సర్దుబాటు చెయ్యమంటే భారమంతా తోటి సిస్టర్ల మీద పడుతుంది.

జట్టు తిండి, నిద్ర కూడా మీ పనే. నిలబడి తూలుతున్న మనిషి "నేను బాగానే ఉన్నా మేడమ్" అంటుంది, వినకుండా పడుకోబెట్టండి. మీ వంతు వచ్చినప్పుడు మీరూ వెళ్ళండి. వెళ్ళే ముందు వచ్చేవాళ్ళతో మంచం మంచం తిరగండి, మార్ఫిన్ ఆంప్యూల్స్ ఇద్దరూ లెక్కపెట్టి సంతకాలు పెట్టండి.