క్వారీ పనిలో చెవులు దెబ్బతిన్నాయా? సదరం (వైకల్య) సర్టిఫికెట్‌కు వెళ్లేముందు ఇది చదవండి

సబ్బవరం వైపు క్వారీలో పదిహేనేళ్లు జాక్ హ్యామర్ పట్టిన ఒకాయనకు తోడుగా చెవి పరీక్షకు వెళ్లాను. స్లాట్ ఉన్న రోజు కూడా పొద్దున రెండు గంటలు డ్రిల్లు పట్టి, మేస్త్రిని బతిమాలి వచ్చాడు. చొక్కా మీద రాతిపొడి అలాగే ఉంది. పైగా ఎవరో ఏజెంటు డబ్బు పుచ్చుకుని, "శబ్దం వినబడినా బటన్ నొక్కకు, పర్సంటేజీ పెరుగుద్ది" అని నేర్పి పంపాడు. రెండుసార్లు తీసిన రిపోర్టులు ఒకదానితో ఒకటి కలవలేదు. డాక్టర్ సంతకం పెట్టలేదు. భార్య పక్కన నిలబడి పిలిచినా వినబడని మనిషి, దొంగ కేసన్న అనుమానం మూటగట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంకొకరికి అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

దరఖాస్తు పెట్టడం కష్టం కాదు. ఆధార్, ఫోటో, పనిచేసే ఫోన్ నంబరు తీసుకుని మీ గ్రామ, వార్డు సచివాలయానికి గానీ మీసేవకు గానీ వెళ్లి సదరం స్లాట్ అడగండి. కేంద్రం వారి స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) సొంతంగా కూడా నమోదు చేసుకోవచ్చు. ఏ ఆసుపత్రికి, ఏ రోజు రావాలో చెప్తారు. విశాఖలో చెవి పరీక్షలకు కేజీహెచ్, పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. పాత చీటీలు, రిపోర్టులు ఏమున్నా పట్టుకెళ్లండి. ఇందులో ఏజెంటు చేసే పని ఒక్కటీ లేదు.

అసలు చిక్కంతా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) దగ్గరే.

పెద్ద శబ్దంలో పనిచేసి వచ్చిన చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారి ఉంటుంది. ఆ నష్టం తాత్కాలికం, విశ్రాంతి ఇస్తే కొంత తిరిగొస్తుంది. సర్టిఫికెట్ మాత్రం శాశ్వత నష్టానికే ఇస్తారు. కాబట్టి పరీక్షకు ముందు కనీసం 16 గంటలు, వీలైతే రెండు రోజులు, డ్రిల్లు, కంప్రెసర్, క్రషర్ జోలికి వెళ్లకండి. ముందురాత్రి ఊళ్లో డీజే ఉంటే అక్కడికీ వద్దు. చెవిలో గుబిలి పేరుకున్నా, చీము కారుతున్నా ముందు వైద్యం చేయించుకోండి. లేకపోతే "తగ్గాక రండి" అంటారు, మళ్లీ స్లాట్ కోసం తిరగాలి.

పరీక్ష ఇలా ఉంటుంది. చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెడతారు, చేతికి ఒక బటన్ ఇస్తారు. సన్నటి కూత ఎంత చిన్నగా వినబడినా నొక్కాలి. చెవుల్లో హోరు ఉన్నవాళ్లకు ఏది కూతో ఏది హోరో తెలియక టెన్షన్ పడతారు. హోరు సంగతి ముందే టెక్నీషియన్‌కు చెప్పండి, కూతను ఆపి ఆపి ఇస్తారు. కావాలని నొక్కకపోతే దొరికిపోతారు. మామూలు మాటకు జవాబిస్తూ కూతలు మాత్రం వినబడలేదంటే వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు బేరా పరీక్షకు పంపుతారు. అందులో తల మీద తీగలు అతికించి, శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో నేరుగా చూస్తారు. అక్కడ బటన్ ఉండదు, మనం చేసేదీ ఉండదు. మోసం చేసి వికలాంగుల ప్రయోజనం పొందితే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఏజెంటు ఈ మాట చెప్పడు.

ఇక శాతం లెక్క. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ స్వరాల దగ్గర ఎన్ని డెసిబెల్స్ శబ్దానికి వినబడిందో ఆ అంకెల సగటు తీసి, ఒక్కో చెవికి శాతం కడతారు. బాగా వినబడే చెవి శాతాన్ని 5తో గుణించి, రెండో చెవి శాతాన్ని కలిపి, 6తో భాగిస్తారు. ఒక చెవి పూర్తిగా పోయి 100 శాతం, రెండో చెవిలో 10 శాతం నష్టం ఉందనుకోండి. మొత్తం 25 శాతమే అవుతుంది. చాలా ప్రయోజనాలకు 40 శాతం కావాలి.

డ్రిల్లు పట్టేవాళ్లకు ఇంకో అన్యాయం ఉంది. శబ్దం మొదట దెబ్బతీసేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. కింది స్వరాలు చాలాకాలం బాగానే ఉంటాయి. 500 దగ్గర 25, 1000 దగ్గర 30, 2000 దగ్గర 50, 4000 దగ్గర 75 డెసిబెల్స్ వచ్చాయనుకోండి. సగటు 45. చట్టం వినికిడి లోపంగా చూసేది రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నుంచి. ఈ మనిషికి గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు. నలుగురిలో కూర్చుంటే తల ఊపుతూ ఉండిపోతాడు. 40 శాతం కార్డు మాత్రం రాదు. ఇది ముందే తెలుసుకుని వెళ్తే ఆశపడి కుంగిపోరు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

40 శాతం రాలేదని అక్కడితో వదిలేయొద్దు. యజమాని నుంచి రావలసిన నష్టపరిహారం దారి వేరు, దానికి 40 శాతం నిబంధన లేదు. సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నదే అక్కడ చూస్తారు. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం 1923 నష్టపరిహార చట్టంలో వృత్తి వ్యాధిగా ఉండేది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఒకే యజమాని దగ్గర వరసగా కనీసం ఆరు నెలలు చేసి ఉండాలి. క్లెయిమ్‌కు గడువు రెండేళ్లు, అందుకే యజమానికి నోటీసు ఆలస్యం చేయకుండా రాతలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చట్టం దృష్టిలో క్వారీ కూడా గనే. గనుల్లో ఈ జబ్బును 2011లోనే నోటిఫైడ్ వ్యాధుల్లో (బయటపడితే ప్రభుత్వానికి తెలియజేయాల్సినవి) చేర్చారు. కాబట్టి పరీక్షించిన డాక్టర్‌కు మీరు చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారో వివరంగా చెప్పి చీటీలో రాయించుకోండి. "చెవుడు" అని మాత్రమే రాస్తే పనికీ చెవికీ లంకె దొరకదు.

ఈ దారిలో తడబడేది పని రుజువు దగ్గర. కూలి రోజువారీ చేతికిస్తారు, హాజరు మేస్త్రి నోటుబుక్కులో ఉంటుంది. పీఎఫ్ చీటీ, బ్యాంకు ఎంట్రీలు, గేటు పాస్, ఏదైనా సరే ఇప్పుడే ఫోటో తీసి దాచండి. పనిలో చేరినప్పుడూ, ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారీ గని కార్మికులకు వైద్యపరీక్ష చేయించాలి. ఆ పరీక్ష రిపోర్టు (పాత గనుల నిబంధనల్లో ఫారం-ఓ) కాపీ అడిగి తీసుకోండి. చేరిన నాటికి చెవులు బాగున్నాయని చెప్పే కాగితం అదొక్కటే.

నాతో వచ్చినాయన రెండు రోజులు ఇంట్లోనే ఉండి, మళ్లీ స్లాట్ తీసుకుని, వినబడిన ప్రతి కూతకూ బటన్ నొక్కాడు. ఈసారి రెండు రిపోర్టులూ కలిశాయి. డాక్టర్ సంతకం పెట్టారు. వచ్చింది 31 శాతం. ఆ కాగితాన్నే జతచేసి యజమానికి నోటీసు రాశాం.